అమ్ములుకి, నాన్న

అమ్ములూ,

అత్త వాళ్లింట్లో బాగున్నావా? రాత్రిళ్లు చలేస్తే దుప్పటి అడుగు, మొహమాటపడకు. ఐరన్ మాత్రలు నీలం బ్యాగు పక్క జేబులో పెట్టింది అమ్మ. నువ్వు బొటనవేలి బొమ్మలు పంపడమే తప్ప గొంతు విని పదకొండు రోజులైంది.

ఇక్కడ కరివేపాకు మళ్లీ చిగురేసింది. చింటూగాడు నీ సైకిల్ తొక్కుతున్నాడు, బ్రేకులు బిగించాను. నిన్న ఫోన్లో అత్త, "అమ్ములు ఈ ఏడు చదువు ఆపి ఖాళీగా ఉంటుందటగా?" అంది. పక్కింటివాళ్లతో నువ్వే అన్నావట. ఒలోనీలో, ఆ రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో, చేరుతున్నానని ఎందుకు చెప్పలేకపోయావమ్మా?

నేను ఎమ్మెస్‌కి వచ్చేటప్పుడు తాతయ్య కొల్లిపర పొలం కాగితాలు పెట్టి నోటు రాశారు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే లక్షకి నెలకి రెండు వేలు. ఆ డబ్బు కండువా కొంగున ముడేసుకుని, ఎవరూ చూడకుండా చీకటి పడ్డాకే వెళ్లి కట్టొచ్చేవారు. షావుకారు కూర్చుంటాడని సెంటర్లో టీ కొట్టుకి వెళ్లడమే మానేశారు. నాకు రాసే ఉత్తరాల్లో మాత్రం "ఇక్కడ అందరం కులాసా." నాలుగేళ్లకి అప్పు తీర్చి నోటు వెనక్కి తెచ్చుకున్నాం. దాని వెనక చెల్లులు రాసీ రాసీ చోటు చాలక ఇంకో కాగితం అతికించారు. జిగురు మరక ఇంకా కనిపిస్తుంది. బీరువాలో ఉంది, వచ్చాక చూపిస్తాను. నీ చదువు పేరున అలాంటి కాగితం మనింట్లో మళ్లీ ఉండకూడదని నా పట్టుదల.

ఒలోనీలో యూనిట్‌కి 46 డాలర్లు. రెండేళ్ల చదువుకి, అంటే 60 యూనిట్లకి, 2,760. అదే యూసీలో, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, ఒక్క ఏడాది ఫీజే 14,000 దాటుతుంది, తిండీ గదీ వేరే. ఒలోనీలో రెండేళ్లయ్యాక యూసీకి మారితే, డిగ్రీ మాత్రం చివర్లో చదివిన యూసీదే ఇస్తారు.

అమ్మ చెప్పొద్దంది గానీ చెప్తున్నాను. ట్యాగ్ అని ఉందిగా, అలా మారేవాళ్లకి యూసీ ముందుగానే సీటు హామీ ఇచ్చే పద్ధతి. డేవిస్, అర్వైన్, శాంటా క్రజ్‌తో కలిపి ఆరు క్యాంపస్‌లు ఇస్తాయి, ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలస్‌లకి అది లేదు, మామూలుగా అప్లై చెయ్యాలి. ట్యాగ్‌కి నువ్వు పెట్టుకోవాల్సింది వచ్చే ఏడు సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు. కొన్ని మేజర్లకి హామీ వర్తించదు, గ్రేడ్లూ చూస్తారు. కాబట్టి క్లాసు ఎంచుకునే ముందు అసిస్ట్ సైట్లో ఆ క్లాసుని యూసీ ఒప్పుకుంటుందో లేదో చూడు. ఫ్రెండ్ తీసుకుందని తీసుకోకు. మొదటి వారంలోనే కౌన్సెలర్‌ని కలువు. లెక్కల క్లాసు కష్టంగా ఉందని మధ్యలో వదిలేయకు.

అత్తకి నేనేమీ చెప్పలేదు. నువ్వే చెప్పు, అమ్ములూ.

పులిహోర పంపిన స్టీలు డబ్బా అత్తదే, ఇచ్చేసిరా. ఆదివారం తొమ్మిదికల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉంటాను. స్వెట్టర్ చేతిలోనే పెట్టుకో.

నాన్న