గర్భసంచి తీసేయడం ఒక్కటే దారి కాదు

సంపాదకులకు,

మాది నెల్లూరు జిల్లా. అమ్మ నాలుగేళ్లుగా చెన్నై పెరంబూరులో మాతోనే ఉంటోంది. బిందె ఎత్తితే చాలు, గర్భసంచి కిందికి జారేది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు గోడవైపు తిరిగి, చేత్తో లోపలికి నెట్టుకుని మళ్లీ పనిలో పడేది. సిగ్గుతో నాకు కూడా రెండేళ్లు చెప్పలేదు.

తీరా ఆసుపత్రికి తీసుకెళితే రెండు నిమిషాల్లో తేల్చేశారు: "పిల్లలు పుట్టేశారుగా, తీసేద్దాం." సంతకం పెట్టమన్న కాగితం తమిళంలో ఉంది, అమ్మకు తెలుగే వచ్చు.

జారడానికి కారణం గర్భసంచి కాదు, దాన్ని పట్టి ఉంచే కండరాలు, స్నాయువులు వదులవడం. ఈ మాట మాకు రెండో డాక్టరమ్మ చెబితేగానీ తెలియలేదు. గర్భసంచిని ఉంచి, పైకి లాగి, కటిభాగంలోని గట్టి స్నాయువుకు కుట్టేయవచ్చట. నెదర్లాండ్స్‌లో 208 మందిపై చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత చూస్తే ఈ పద్ధతి గర్భసంచి తీసేసే ఆపరేషన్‌కు ఏమాత్రం తీసిపోలేదు. ఆపరేషన్ వద్దనుకుంటే రింగ్ పెసరీ ఉంది, అంటే గర్భసంచి జారకుండా ఆపేందుకు యోనిలో పెట్టే రింగు. క్యాన్సర్ అనుమానం ఉన్నా, అసాధారణ రక్తస్రావం ఉన్నా మాత్రం సంగతి వేరు. ముందు పరీక్షలు చేయించాల్సిందే.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకైతే ఆంధ్రలో దాదాపు 9 శాతం. ఆ అలవాటే మనతో చెన్నైకీ వచ్చిందేమో!

చెన్నై ఆసుపత్రుల్లో ఈ దారులన్నీ తెలుగులో ఒక కాగితంపై రాసి ఇవ్వాలి. సంతకానికి ముందే ఇవ్వాలి.

— ఒక కూతురు, పెరంబూరు, చెన్నై