గీత గీశారు సరే, గొట్టం ఎప్పుడు?

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. చదివిన పూటే జవాబు రాయాల్సినవాణ్ణి. కానీ దాంతోపాటు ఆ విలీనం పటం నకలు కూడా పెట్టావు చూడు, అక్కడ దొరికిపోయాను. ముప్ఫై ఏళ్ళు మురుగు గొట్టాల వాలు లెక్కలేసినవాడి చేతికి పటం ఇస్తే ఇక తిండీ నిద్రా ఉంటాయా? భూతద్దం పెట్టుకుని మీ నాన్నగారి నేల ఎక్కడుందో వెతుకుతుంటే, "నిధి ఏమైనా దొరికిందా?" అని మా ఆవిడ వెటకారం కూడా చేసింది.

సరే, అసలు సంగతికొస్తాను. "నగరం మా వైపు ఖాళీ నేలంతా కలిపేసుకుంటోంది. పద్ధతిగా లేఅవుట్ వేసి ఇళ్ళు కడతారట, నీళ్ళు, డ్రైనేజీ, రోడ్లు అన్నీ ఇస్తారట. సంతోషించాలా, ఏడవాలా?" అని అడిగావు. విలీనం కాకముందే అమ్మేద్దామని మీ అన్నయ్య, అయ్యాకే అమ్ముదామని వదినగారు పట్టుబడుతున్నారని రాశావు. ఇద్దరూ ఆ ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతున్నారురా. ఆ రోజున మారేది పటం మీద గీత మాత్రమే. నేల మారేది గొట్టం వచ్చిన రోజున. ఈ రెండు రోజులకీ మధ్య ఎంత ఎడం ఉంటుందో కనుక్కోకుండా మీరు ఇంట్లో ఎంత కొట్టుకున్నా లాభం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చోటికి పంపారు, పేరెందుకులే. అప్పటికే అది కాగితాల మీద నగరంలో కలిసి చాలా ఏళ్ళయింది. బోర్డు మారింది, పన్ను నోటీసు మీద పేరు మారింది. డ్రైనేజీ మాత్రం ఎవరి దొడ్లో వాళ్ళ సెప్టిక్ ట్యాంకే. ఒక పెద్దాయన నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసి, పన్ను రసీదులన్నీ వరుసగా పేర్చి చూపించాడు. తిట్టలేదు. "బాబూ, వీటిలో ఏ ఏడాదిది గొట్టానికి పనికొచ్చిందో చెప్పగలవా?" అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఎక్కడ విలీనం అన్న మాట విన్నా నాకు ఆ రసీదులే గుర్తొస్తాయి.

ఇక్కడ తమాషా ఏమిటంటే, గొట్టం ముందు వచ్చి గీత తర్వాత జరిగిన ఊళ్ళు కూడా ఉన్నాయి. లాస్ ఏంజిలిస్ సంగతి నీకెప్పుడైనా చెప్పానా? 1913లో ఆ నగరం ఓవెన్స్ నది నుంచి 375 కిలోమీటర్ల దూరం కాలువా గొట్టాలూ వేసుకుని నీళ్ళు తెచ్చుకుంది. వచ్చిన నీళ్ళు అప్పటి జనానికి మించిపోయాయి. పక్కనే శాన్ ఫెర్నాండో లోయ, దాదాపు అంతా సాగు నేల, నీళ్ళ కోసం మొహం వాచి ఉంది. కానీ నగరం మాట ఒకటే: మా నీళ్ళు కావాలంటే మాలో కలవాలి. 1915లో లోయలో చాలా భాగం కలిసిపోయింది. ఆ ఒక్క దెబ్బతో నగరం విస్తీర్ణం రెట్టింపు దాటింది. అదే లోయలో శాన్ ఫెర్నాండో అనే చిన్న ఊరికి సొంత బావులున్నాయి. "మీ నీళ్ళు మాకక్కర్లేదు" అని ఊరుకుంది. ఇప్పటికీ చుట్టూ లాస్ ఏంజిలిస్, మధ్యలో అదొక్కటీ వేరే ఊరు. (ఆ నీళ్ళు పోగొట్టుకున్న ఓవెన్స్ లోయ వాళ్ళ కథ వేరే ఉంది. అక్కడి సరస్సే ఎండిపోయింది. అది మొదలుపెడితే ఈ ఉత్తరం ఇవాళ తెమలదు.)

ఇంకో విడ్డూరం. అదే నగరం 1906లో సముద్రం వైపు ఒక సన్నటి నేల పట్టీని కలుపుకుంది. పటంలో చూస్తే జేబులోంచి జారిన దారంలా ఉంటుంది. దాని పని ఒక్కటే, రేవుకి ఆనుకోవడం. 1909లో రేవు దగ్గరి ఊళ్ళు రెండూ నగరంలో కలిసిపోయాయి. అందుకే చెబుతున్నా, నగరం ఎటు చెయ్యి చాచిందో చూస్తే దానికి కావాల్సిందేమిటో తెలిసిపోతుంది. నువ్వు పంపిన పటంలో ఆ గీత తిన్నగా వస్తూ వస్తూ వాగు దగ్గర ఒక్కసారి ఎడమకి మెలి తిరిగింది, గమనించావా? అక్కడ ఎవరి నేల ఉందో, ఏం కట్టబోతున్నారో కనుక్కో. ఊరికే మెలికలు పెట్టరు.

ఇప్పుడు నా సొంత గొడవ, మురుగు. నువ్వు నవ్వుకో, కానీ అంతా ఇక్కడే తేలుతుంది. మంచినీళ్ళని పంపు పెట్టి ఎటు కావాలంటే అటు నెట్టొచ్చు. మురుగు అలా కాదు, తనంతట తను జారాలి. మరీ నెమ్మదిగా జారితే మట్టీ మడ్డీ అడుగున పేరుకుంటాయి, అందుకని సెకనుకి 60 సెంటీమీటర్ల వేగమైనా ఉండాలంటాం. వీధిలో వేసే 200 మిల్లీమీటర్ల గొట్టానికి ఆ వేగం రావాలంటే కిలోమీటరుకి 4 మీటర్ల వాలు కావాలి. నేల చదునుగా ఉండి, పాత నగరం గొట్టం మీకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉందనుకో, అక్కడికి చేరేసరికి మనం 12 మీటర్లు దిగిపోయుంటాం. నాలుగంతస్తుల మేడంత గొయ్యి! గొట్టం పెద్దదైతే వాలు కాస్త తగ్గించుకోవచ్చనుకో, అయినా ఎక్కడో ఒకచోట పంపింగ్ స్టేషన్ పెట్టక తప్పదు. దానికి కరెంటు, జనరేటరు, రాత్రీపగలూ ఒక మనిషి. ఆ మనిషి సెలవు పెడితే ఏమవుతుందో నీ ముక్కుకే ముందు తెలుస్తుంది.

అందుకే అధికారులు "సేవలు విస్తరిస్తాం" అనగానే నేను అడిగేది "నేల ఎటు వాలి ఉంది?" అని. నగరం వైపు వాలుంటే సగం పని అయిపోయినట్టే. మీది ఎటు వాలి ఉందో నాకు ఏ సర్వే అక్కర్లేదు. వర్షం వెలిసాక మనం కాగితప్పడవలు వదిలేవాళ్ళం గుర్తుందా? ఒక్కటైనా నగరం వైపు వెళ్ళిందిరా? అన్నీ వాగు వైపుకే. అంటే మీ మురుగుని ఎదురెక్కించి నగరానికి తీసుకెళ్ళాలి, లేదా అక్కడే కొత్తగా శుద్ధి కేంద్రం కట్టాలి. ఈ రెంటిలో ఏది చేస్తారో ప్లానులో ఎక్కడా రాయలేదు. రంగురంగుల బొమ్మలు మాత్రం చాలా వేశారు. చెట్ల కింద బెంచీలు కూడా!

మంచినీళ్ళ గురించి ఎక్కువ రాయను. ట్యాంకు ఎక్కడ కడతారు, ఎత్తు సరిపోతుందా, అంతే. ఫైరింజన్ సంగతి మాత్రం ఎవరూ అడగరు, నువ్వు అడుగు. అమెరికాలో పూర్తికాలం సిబ్బంది ఉండే ఫైర్ స్టేషన్లకి వాళ్ళు పెట్టుకున్న ప్రమాణం, మొదటి బండి బయల్దేరాక 4 నిమిషాల్లో చేరాలని. ఇళ్ళు దూరంగా జరిగే కొద్దీ కొత్త స్టేషన్ తప్పదు. స్టేషన్ కట్టడం తేలిక, దాన్లో మనుషుల్ని ఏళ్ళతరబడి ఉంచి జీతాలివ్వడమే కష్టం.

నువ్వు అడిగిన ఇంకో మాట, "కలిపేశాక వాళ్ళు ఏమీ ఇవ్వకపోతే ఎవర్ని అడగాలి?" అని. ఇదే ప్రశ్న మీద టెక్సస్‌లో పెద్ద రభసే జరిగింది. హ్యూస్టన్ నగరం 1996 చివర్లో కింగ్‌వుడ్ అనే పెద్ద ప్లాన్డ్ కాలనీని కలిపేసుకుంది. ఉన్నవాళ్ళు వద్దు మొర్రో అన్నా వినలేదు. ఆ కోపం చల్లారలేదు, చట్టాలే మారాయి. పోలీసు, ఫైరు లాంటివి మొదటి రోజు నుంచీ ఇవ్వాలి, మిగతా సేవలు రెండున్నరేళ్ళలో, మరీ కుదరకపోతే నాలుగున్నరేళ్ళలో పూర్తవ్వాలని గడువు పెట్టారు. తర్వాత 2017లో పెద్ద కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి), 2019లో రాష్ట్రమంతా, అక్కడివాళ్ళ ఒప్పుదల లేకుండా కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది. చట్టం గొప్పదని కాదు నేను చెప్పేది. గడువుని కాగితం మీద రాయించుకున్నారు చూడు, అది. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, తీర్మానంలో తేదీ రాయమని అడిగే నోరైతే మీకుంది కదా.

ఒప్పుదల అంటే గుర్తొచ్చింది. ఖాళీ నేల విషయంలో ఇదో చిత్రమైన వ్యవహారం. కాలిఫోర్నియాలో కనీసం 12 మంది ఓటర్లుంటేనే అది జనం ఉన్న ప్రాంతం కింద లెక్క. అంతకంటే తక్కువైతే అభ్యంతరాల లెక్క ఓటర్లది కాదు, నేల సొంతదారులది, అదీ నేల విలువని బట్టి. అంటే పెద్ద ముక్క ఉన్నవాడి మాటే చెల్లుతుంది. రేపు అక్కడ కాపురముండబోయే వేలమందికి ఇవాళ గొంతు లేదు, ఎందుకంటే వాళ్ళింకా రాలేదు! నాకిది సబబుగానే ఉందా అంటే చెప్పలేను. ఇప్పుడున్నవాళ్ళనే అడగాలి మరి. కానీ అలాంటి చోట మీలాంటి చిన్న ముక్కలవాళ్ళు విడివిడిగా వెళితే ఎవరూ పట్టించుకోరు. పక్క చేల వాళ్ళతో కలిసి ఒకే అర్జీ పెట్టండి.

బాగా చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ వాళ్ళ పద్ధతి నాకు భలే ఇష్టం. 1904 నుంచే నగరం శివారు నేలల్ని ముందుగా కొనిపెట్టుకుంది, అప్పటికి అవి నగరంలో కూడా లేవు. తీరిగ్గా తర్వాత కలుపుకుంది. 1949లో స్పోంగా అనే ప్రాంతాన్ని కలుపుకున్నాక అక్కడ వెల్లింగ్‌బ్యూ అని కొత్త పేట కట్టింది. పని, ఇల్లు, బజారు మూడూ ఒక్క చోటే ఉండాలని వాళ్ళ ఆలోచన. అక్కడికి మెట్రో రైలు 1952లో వచ్చింది. పేట నడిబొడ్డున బజారు తెరిచింది 1954లో. తేదీలు మళ్ళీ చదువు. ముందు రైలు, ఆ తర్వాత అంగళ్ళు! నేల నగరానిదే కాబట్టి అది సాధ్యమైంది. నేల పదిమంది చేతుల్లో ఉన్నచోట ఎవరు ముందు కడితే వాడి గుమ్మం దాకా రోడ్డు, మిగతాది బురద.

ఇక డబ్బు. ఇది అన్నయ్యకి చదివి వినిపించు. కొత్త లేఅవుట్లో రోడ్లూ గొట్టాలూ మామూలుగా బిల్డరే వేసి నగరానికి అప్పజెబుతాడు. అందరికీ అది ఉచితంగా వచ్చినట్టే అనిపిస్తుంది. నగరం కూడా కొత్త పన్నులు చూసి మురిసిపోతుంది. కానీ గొట్టానికీ ఆయుష్షు ఉంటుంది కదా. అర్ధశతాబ్దమో ఇంకాస్తో గడిచాక అన్నీ దాదాపు ఒకేసారి పాతబడతాయి, మార్చే ఖర్చు నగరం నెత్తినే. ఇళ్ళు దూరం దూరంగా ఉంటే ఒక్కో ఇంటికీ ఎక్కువ గొట్టం, ఎక్కువ రోడ్డు. పన్ను మాత్రం అంతే. అందుకే "ఎన్ని ఇళ్ళు?" అన్నదానికంటే "ఎంత దగ్గరగా?" అన్నది నేను ముందు చూస్తాను. మీ పటంలో ఇళ్ళు బాగానే చేరువగా ఉన్నాయి, ఆ మేరకు గీసినవాళ్ళకి బుర్ర ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

వచ్చే నెల విలీనం మీటింగుకి నువ్వే వెళ్ళు, అన్నయ్యని పంపకు. ఆయన కోప్పడి లేచి వచ్చేస్తారు. కోపం వద్దు, పొగడ్త వద్దు. పన్ను గీత గీసిన రోజు నుంచా, గొట్టం వచ్చిన రోజు నుంచా అని ఒక్కటి అడుగు. మురుగు ఎటు వెళుతుందని అడుగు. వాళ్ళు "పరిశీలిస్తాం" అంటే, ఆ మాటనే మినిట్స్‌లో రాయమను. బాగా నస పెడుతున్నాడనుకుంటారు, అనుకోనీ. అంతవరకూ అమ్మకం మాట ఇంట్లో ఎత్తనివ్వకు. వదినగారికి నా నమస్కారాలు చెప్పి, ఈ ఒక్క నెలకి ఇద్దర్నీ శాంతించమను.

ఒక్క సంగతి నన్ను తొలుస్తోంది. మనం పడవలు వదిలే గుంట ఉంది చూడు, వానాకాలమంతా మోకాళ్ళ లోతు నీళ్ళుండేవి, నీ చెప్పు ఒకటి అక్కడే పోయింది. ఆ చోట పటంలో ఏదో రంగు వేశారు. నీ నకలులో రంగులన్నీ అలుక్కుపోయి, ఎంత భూతద్దం పెట్టినా తేలడం లేదు. ఆకుపచ్చ అయితే పార్కు, పసుపు అయితే ఇళ్ళు. ఆఫీసుకి వెళ్ళి అసలు పటం చూసి నాకు రాయి. ఊరికే 'పచ్చ' అని రాసి ఊరుకునేవు, మీ ఇంట్లో పసుపుని కూడా పచ్చ అనే అంటారు. ఏ పచ్చో విడమరిచి రాయి.

నీ
గొట్టాలవాడు