బిడ్డా, 2024 జనవరి 7 లోపల పోయి చూసి రా

బిడ్డా,

ఎట్లున్నవ్, చలి మొదలైందా అక్కడ. మేమిక్కడ మంచిగనే ఉన్నం. నీకొక పని చెప్తున్న, కాదనకు. న్యూయార్క్ మెట్ మ్యూజియంల మానే, డెగా అని ఇద్దరు ఫ్రెంచ్ పెయింటర్ల బొమ్మలు ఒక్కదగ్గర పెట్టి ఎగ్జిబిషన్ నడుస్తున్నది, పారిస్‌ల అయిపోయినంక అక్కడికొచ్చింది, 2024 జనవరి 7 దాకనే ఉంటది. మానే ఏసిన ఒలింపియా అనే బొమ్మ అమెరికాకు రావుడే ఇది ఫస్టుసారి. న్యూజెర్సీల ఉండి అది చూడకుంటె ఎట్ల బిడ్డా.

మానే 1832ల పుట్టిండు, డెగా రెండేండ్లు చిన్న. ఇద్దరూ పారిస్‌ల పైసలున్నోళ్ళ పిల్లలే, 1870 యుద్ధంల పారిస్‌ను కాపాడెతందుకు ఇద్దరూ నేషనల్ గార్డుల చేరిండ్రు. డెగా ఒకసారి మానే సోఫాల ఒరిగి కూసున్నట్టు, ఆయన భార్య సుజాన్ పియానో వాయిస్తున్నట్టు బొమ్మ ఏసి మానేకే ఇచ్చిండు. మానేకు భార్య మొకం నచ్చలె, కత్తి తీస్కొని కుడిపక్క మొకం కాడికెళ్ళి కాన్వాసు కోసేసిండు! డెగా ఇంటికొచ్చి చూసి మాట్లాడకుంట తన బొమ్మ తను పట్కపోయిండు, మానే ఇచ్చిన బొమ్మ వాపస్ పంపిండు. మళ్ళ కొన్నాళ్ళకే కలిసిండ్రు, మానేతోని ఎక్కువ రోజులు కోపంగ ఉండుడు ఎవరితోని కాదని డెగానే అన్నడట. కోసిన జాగల కొత్త కాన్వాసు అతికిండు గని మొకం మాత్రం మళ్ళ ఎయ్యలె, అది ఇప్పటికీ ఖాళీగనే ఉన్నది.

1874ల డెగా వాళ్ళు సొంతంగ ఎగ్జిబిషన్ పెడితె మానే రానన్నడు, ఆయనకు ‘సలోన్’ అనే సర్కారు ఎగ్జిబిషన్‌లనే గెలవాలె. ఇట్ల గుంజుకుంటనే ఉన్నరు. 1883ల మానే పోయిండు, 51 ఏండ్లకే. మెక్సికో చక్రవర్తి మాక్సిమిలియన్‌ను తుపాకులతోని కాల్చేసే పెద్ద బొమ్మ ఒకటి మానేది, ఆయన పోయినంక ముక్కలు చేసి అమ్మిండ్రు. ఆ ముక్కలను ఎతికి ఎతికి కొని ఒక్కదగ్గర చేర్చింది ఎవరనుకున్నవ్, డెగానే. ఇయ్యాల అది లండన్ నేషనల్ గ్యాలరీల ఉన్నది. తన బొమ్మ కోసినాయన బొమ్మను ఈయన అతికిండు బిడ్డా, ఇది చదివి నేను చానసేపు అట్లనే కూసున్న.

నువ్వు పుట్టకముందు, ఫ్లెక్సీలు ఇంకా రాలె, హన్మకొండ చౌరస్తాల నా బోర్డులకు ఎదురుంగ ఇంకో ఆర్టిస్టు బోర్డులుండేటివి. నేను సైకిల్ ఆపి ఆయన ‘శ్రీ’ల బ్రష్ ఏడ తిప్పిండు, షేడు ఏ పక్క ఇచ్చిండు అని చూసేటోణ్ణి. పెద్ద షాపు పని ఆయనకు దొరికిందంటె ఆ రాత్రి నాకు అన్నం సయించకపోయేది, తెల్లారి ఎనామిల్ తక్కువపడితె మళ్ళ ఆయన దగ్గరకే పోయేది. నా చెయ్యి తిరిగింది ఆయన వల్లనే, ఇది ఎవరడిగినా చెప్త.

నీ రూమ్మేటుకు ప్రమోషన్ వచ్చినకాడికెళ్ళి మీ ఇద్దరికి మాటల్లేవని అమ్మ చెప్పింది. ఆ పిల్ల నీకంటె బాగ చేసిందంటె బాధ ఉంటది, ఉండనీ, కాదంటలేను. గని ఆ పిల్లనే తోలుకొని పో. శుక్రవారం, శనివారం రాత్రి తొమ్మిది దాక తెరిచే ఉంటదట, ఆఫీసు అయినంక పోవచ్చు. ఫోటో తియ్యనిస్తె ఆ పియానో బొమ్మది కుడిపక్క అతుకు కాడ దగ్గరికెళ్ళి తీసి పంపు, ఫ్లాష్ ఎయ్యకు.

మీ బాపు