పోలీసుల మానసిక ఆరోగ్యానికి ప్రజాధనం
సభ్యులకు నమస్కారం. ప్రమాదాలు, హత్యలు, పసిపిల్లల మరణాలు పదేపదే చూడవలసి రావడం పోలీసు ఉద్యోగంలో భాగమే కాబట్టి, దానివల్ల మనసుకు కలిగే గాయానికి చికిత్స ఖర్చును కూడా ఉద్యోగమిచ్చిన ప్రభుత్వమే భరించాలని నా అభిప్రాయం. అమెరికాలో ఇందుకోసం 2018 జనవరిలో ఒక చట్టం వచ్చింది. దాని కింద పోలీసు శాఖలకు గ్రాంట్లు అందాయి. అయితే, కౌన్సెలర్ దగ్గరకు వెళ్లిన సంగతి పైఅధికారికి తెలిస్తే ఆయుధం వెనక్కి తీసుకుంటారనో, పదోన్నతి ఆగిపోతుందనో భయం ఉన్నంతకాలం (అది అన్నిచోట్లా నిరాధారమేమీ కాదు) ఎన్ని నిధులిచ్చినా సిబ్బంది ఆ గడప తొక్కరు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పోలీసు సిబ్బంది తోటి ఉద్యోగులిచ్చే కౌన్సెలింగ్‌లో చెప్పుకున్న మాటల గోప్యతకు అక్కడ 2021లో మరో చట్టం చేశారు. కనుక నిధులు కోరే ప్రతి వినతిపత్రంలోనూ గోప్యత నిబంధన ఉండాలి.