మా ఆదివాసీ భవనానికి రిబ్బనూ కట్టే, కరెంటూ కట్టే: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

జై సేవా. రామ్ రామ్.

ఆదివాసీ భవనాల పథకం గురించి మీకు మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. జీవోలు మీ దగ్గరున్నాయి, శిలాఫలకాలు మా దగ్గరున్నాయి. మాది ఉమ్మడి ఆదిలాబాద్ ఏజెన్సీలో ఒక మండలం. గోండులు, కోలాములు, పర్ధాన్లు, తోటీలు అందరూ కూడుకోవడానికి ఒక్కటే భవనం. దాని గురించి ప్రజావాణిలో నాలుగుసార్లు అర్జీ పెట్టాం. నాలుగు రసీదులూ భద్రంగా ఉన్నాయి. అందులో మూడింటికి 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వెలుగులోనే భవనం లోపలికెళ్లి చూశాం. లోపల వేరే వెలుగు లేదు మరి.

ముందు ఆ కరెంటు సంగతే చెప్తాం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

భవనం కట్టేటప్పుడు సిమెంటు కలపడానికి, గోడలు తడపడానికి కాంట్రాక్టరు తన పేరు మీద తాత్కాలిక మీటరు పెట్టించుకున్నాడు. సింగిల్ ఫేజు, ఒక కిలోవాటు లోడు. పని అయిపోయింది, బిల్లు ఎత్తుకున్నాడు, వెళ్లిపోయాడు. మీటరు మాత్రం ఆయన పేరు మీదే గోడకు వేలాడుతోంది. దాన్ని భవనం పేరుకు మార్చాలంటే కాంట్రాక్టరు సంతకం కావాలన్నారు. సంతకం దొరికేలోపు బకాయి పెరిగింది. ఎవరు కట్టాలని అడిగితే పంచాయతీ 'మాకు అప్పగించలేదు' అంటుంది, ఇంజనీరింగ్ వాళ్లు 'మేం కట్టి ఇచ్చేశాం' అంటారు, సంక్షేమం వాళ్లు 'ఆ పద్దులో డబ్బు లేదు' అంటారు. ఎవరి మాట వారికి నిజమే. చివరికి లైన్‌మన్ వచ్చి స్తంభం మీద తీగ విప్పి వెళ్లాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, కట్టని బిల్లుకు అతని ఉద్యోగం పోకూడదు కదా.

పోనీ, రేపు బకాయి కట్టి అదే తీగ మళ్లీ తగిలించినా లాభం లేదు. లెక్క చూడండి. హాల్లో పన్నెండు ఫ్యాన్లు. ఒక్కోటి 75 వాట్లు, వాటికే 900. ఎల్ఈడీ ట్యూబులు ఇరవై, ఇంకో 400. బోరు మోటారు ఒకటిన్నర హెచ్‌పీ, అంటే 1,100 వాట్లకు పైమాటే. మైకు సెట్టు వేరు. దగ్గర దగ్గర మూడు కిలోవాట్లు కావాల్సిన చోట ఒక కిలోవాటు మీటరు. పైగా ఆ లైను పొలాల మోటార్లున్న ట్రాన్స్‌ఫార్మరుకు చిట్టచివర ఉంది. సాయంత్రం పూట వోల్టేజీ 160కి పడిపోతుంది. ఆ వోల్టేజీలో మోటారు తిరగదు, మూలుగుతుంది. ముందు స్టార్టరు డబ్బాలో కెపాసిటర్ ఉబ్బుతుంది, ఆ తర్వాత వైండింగ్ కాలుతుంది. రెండుసార్లు కాలింది. రెండుసార్లూ గూడేల్లో చందాలు వేసుకుని పైపులు పైకి లాగించి చుట్టించాం. మూడోసారీ కాలింది, ఈసారి ఎవరూ పైసా తీయలేదు. మోటారు ఇప్పటికీ బోరులోనే ఉంది, పైకి లాగే కూలి కూడా లేక.

మోటారు లేదు కాబట్టి పైన ట్యాంకులో నీళ్లు లేవు. నీళ్లు లేవు కాబట్టి మరుగుదొడ్లు లేవు. ఉన్నాయి, నాలుగున్నాయి, టైల్స్ కూడా వేశారు. నీళ్లు తెచ్చుకుని వాడినా ఇంకో తిప్పలు. సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లు ఇంకడానికి గుంత తవ్వాలి. తవ్వకుండా ఒక పైపు పెట్టి మట్టి కప్పేశారు. మాది నల్లరేగడి. వానాకాలం అది తడిసి ఉబ్బిందంటే చుక్క నీరు లోపలికి తీసుకోదు. ఇలాంటి నేలలో గుంత వెడల్పుగా తీసి, ఇటుక ముక్కలూ కంకరా నింపి, చుట్టూ ఇసుక పోయాలి. తాపీమేస్త్రి ఎవరినడిగినా చెప్తాడు. ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజు, ఆగస్టు 9న, ఏడెనిమిది వందల మంది వస్తారు. మధ్యాహ్నానికల్లా పైపులోంచి ఎదురుతన్ని గది నిండిపోతుంది. పొద్దున ఎనిమిదికి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా కూర్చుంటున్నారు, తాగితే ఎక్కడికి వెళ్లాలో తెలియక. వేదిక మీద ఆ రోజు మహిళల ఆరోగ్యం గురించి ప్రసంగం ఉంటుంది.

ఆ ఒక్క రోజుకు మాత్రం డబ్బు వస్తుంది, అబద్ధమెందుకు చెప్పాలి. జనరేటరు అద్దె, దానికి డీజిలు, నీళ్ల ట్యాంకర్లు రెండు, షామియానా, కుర్చీలు, శాలువలు, ఫ్లెక్సీలు. భవనం ముందు షామియానా ఎందుకంటే లోపల ఫ్యాను తిరగదు కనుక. జనరేటరు ఎందుకంటే మీటరు లేదు కనుక. రెండు పండుగలకు జనరేటరుకు పెట్టిన ఖర్చుతో ఆ కరెంటు బకాయి తీరిపోయేది. అదే అడిగితే 'అది ఉత్సవాల పద్దు, దీన్ని దానికి వాడరాదు' అన్నారు. కట్టడానికి పద్దుంది, పండుగకు పద్దుంది, నడపడానికే లేదు. బిడ్డ పుట్టినప్పుడూ పుట్టినరోజులకూ అన్నం పెట్టి, మధ్య రోజుల్లో పస్తులుంచినట్టుంది మీ లెక్క.

ఐక్యరాజ్యసమితి 1994 డిసెంబరులో ఆగస్టు 9ని మా దినంగా ప్రకటించింది. 1982లో ఆదివాసీ జనాభాల మీద వాళ్ల కార్యవర్గం మొదటిసారి కూర్చున్న రోజది. మంచిదే, మాకూ ఇష్టమే. కానీ మా ఏడాదిలో ఆ ఒక్క రోజే లేదు. ఆషాఢంలో అకాడి, శ్రావణ అమావాస్యకు పొలాల పండుగ, ఆశ్వయుజ పౌర్ణమికి కుమ్రం భీం వర్ధంతి, దీపావళికి దండారీ గుస్సాడీ ఆటలు, నవంబరు 15న బిర్సా ముండా జయంతి, పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర, ఏప్రిల్ 20న, 1981 పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఇంద్రవెల్లి అమరుల దినం. ఆగస్టు 9తో కలిపి మూడే ఇంగ్లీషు తేదీలవి, మిగతావి చంద్రుడివి. 2024లో ఫిబ్రవరి 9న వచ్చిన పుష్య అమావాస్య 2026లో జనవరి 18కే వచ్చేసింది. ఆఫీసు ఫారంలో మాత్రం 'కార్యక్రమం తేదీ (ప్రతి సంవత్సరం)' అని ఒకే గడి ఉంటుంది. 'ఆశ్వయుజ పౌర్ణమి' అని రాసిస్తే ఫైలు తిరిగొచ్చింది, తేదీ స్పష్టంగా తెలుపవలెనని. పంచాంగం చూస్తే తెలిసే ముక్క అది, ఉగాదికే ఏడాదంతా తెలిసిపోతుంది. ఫైలు రెండోసారి పైకెళ్లి మంజూరై వచ్చేసరికి పౌర్ణమి దాటింది, దీపావళి దాటింది. హాలేమో ఆ రోజుల్లో ఏదో శాఖ శిక్షణ తరగతులకు ముందే బుక్ అయిపోయి ఉంటుంది.

అన్నిటికన్నా మనసు కష్టపెట్టేది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు మీద జరిపే రోజు. జూన్ 19. కేంద్రం 2023 జులైలో మిషన్ మొదలుపెట్టింది, నలభై ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్షలన్నది, 2047కల్లా జబ్బును తుడిచేస్తామన్నది. అందులో మాకు తప్పేమీ కనపడలేదు. అది మా భవనం దాకా వచ్చేసరికి ఏమవుతుందో వినండి.

కిట్టుతో చేసే పరీక్ష సంగతి వేరు, మా దగ్గర చేసింది గొట్టం పరీక్ష. చిన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల ద్రావణం పోస్తారు. వేలు గుచ్చి 20 మైక్రోలీటర్ల రక్తం తీసి అందులో కలుపుతారు. అయిదు నిమిషాలాగి, నల్లగీతలు గీసిన తెల్లకాగితం ముందు గొట్టాన్ని పెట్టి చూస్తారు. గొట్టంలోంచి గీతలు కనపడితే సికిల్ లేనట్టు, మసకబారి గీతలు మాయమైతే ఉన్నట్టు. అంటే మొత్తం పరీక్ష కంటికీ వెలుతురుకీ సంబంధించింది. మబ్బుపట్టిన జూన్ మధ్యాహ్నం, కరెంటు లేని హాలు, కిటికీల దగ్గర జనం. ఎవరి గొట్టంలో గీతలు మాయమయ్యాయో, ఎవరిది చీకటికి కనపడలేదో ఆ ఏఎన్ఎం అమ్మ ఎలా చెప్పాలి? ఆమె సెల్‌ఫోన్ లైటు వేసుకుని చూసింది. ఆ ద్రావణాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి, వాడే ముందు మామూలు వేడికి రానివ్వాలి. భవనానికిచ్చిన ఫ్రిజ్ ప్యాకింగ్ విప్పకుండా మూలనుంది.

వెలుతురు బాగున్నా ఈ పరీక్షతో సగమే తెలుస్తుంది. సికిల్ ఉందని చెప్తుంది తప్ప, జబ్బు లేకుండా దాన్ని ఒంట్లో మోసేవాళ్లా, జబ్బున్నవాళ్లా అన్నది చెప్పదు. దానికి రక్తం హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్షకు పంపాలి. బాగా రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు ఉన్నా లేనట్టు చూపించవచ్చు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఇది పనికిరాదు. ఇవన్నీ గోండీలో, కోలామీలో, కూర్చోబెట్టి చెప్పాల్సిన మాటలు. తల్లీతండ్రీ ఇద్దరూ మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ మాట పెళ్లీడు పిల్లకు తలుపున్న గదిలో చెప్పాలి. మా భవనంలో అలాంటి గదులు రెండున్నాయి. ఒకదాంట్లో దోమతెరలు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, విరిగిన బెంచీలు. రెండోదాంట్లో కిందటేడు పంచకుండా మిగిలిన నోటుపుస్తకాలు. అందువల్ల ఫలితాలు హాల్లోనే, పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ చదివారు. సంబంధం కుదరబోతున్న పిల్ల కూడా ఆ వరసలోనే నిలబడింది. మరుసటేడు శిబిరానికి జనం ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి ఒక ఆఫీసరు గారు సర్వే ఫారం తెచ్చారు.

ఇంకొక కారణం ఆయన ఫారంలో లేదు. జూన్ 19 అంటే మృగశిర వాన పడి పత్తి గింజలు పెట్టే రోజులు. పదును ఆరితే గింజ మొలవదు. ఆ రోజు చేను వదిలి ఎవరొస్తారండీ? దినం జూన్ 19నే జరుపుకోండి, ఫోటో దిగండి. పరీక్షలు మాత్రం ఎండాకాలంలో, వారం అంగడి రోజున పెట్టండి. సంతకు జనం ఎలాగూ వస్తారు.

తాళంచెవి గురించి వేరే ఉత్తరమే రాయాలి, ఇక్కడ క్లుప్తంగా చెప్తాం. తాళాలు మూడు, మూడు చోట్ల ఉంటాయి. తగాదాలు తీర్చే మా సంప్రదాయ పంచాయతీ, రాయి సెంటర్ పెద్దలు కూర్చోవాలంటే మూడు రోజుల ముందు కాగితం పెట్టాలట. తగాదా మూడు రోజులు ఆగదు కాబట్టి పెద్దలు చింతచెట్టు కిందే కూర్చుంటున్నారు.

ఇక ముందున్న ఖాళీజాగా. అది దండారీ కోసమని కాగితాల్లో రాశారు. దాని మీద సిమెంటు పలకలు పరిచి, లోపల నున్నటి టైల్స్ వేశారు. కాళ్లకు గజ్జెలు కట్టుకుని, తలమీద నెమలీకల బరువుతో గుండ్రంగా తిరుగుతూ ఎగిరే ఆట అది. మట్టి నేల పాదాన్ని పట్టుకుంటుంది, టైల్ జార్చేస్తుంది. చెమట చుక్క పడితే ఇంకా చెప్పక్కర్లేదు. గుస్సాడీ నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించిన ప్రభుత్వాలే మాకు జారిపడే నేల ఇచ్చాయి. పలకలు తీయించండి చాలు, మట్టి మేమే పోసుకుంటాం, అలుకుతాం.

అయ్యా, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 4(డి) సెక్షన్ మా సంప్రదాయాలనూ ఉమ్మడి వనరులనూ కాపాడుకునే సమర్థత గ్రామసభకు ఉందని 1996లోనే చెప్పింది. అంత సమర్థత ఉన్నవాళ్లకు ఒక తాళంచెవి అప్పగించలేరా? భవనాన్ని గ్రామసభ పేరుకు రాసివ్వండి. మీటరు ఆ పేరుకే మార్చి మూడు కిలోవాట్లు చేయించండి, బిల్లుకు నెలనెలా ఒక పద్దు పెట్టండి. ఇంకుడు గుంత తవ్వించండి. మోటారు బాగు చేయించండి. ఆ రెండు గదులూ ఖాళీ చేయించండి. పండుగ నిధులను పంచాంగం చూసి ముందు నెలలోనే వేయండి. మీటరు మాట మళ్లీ చెప్తున్నాం, ఎందుకంటే నాలుగు అర్జీల్లోనూ మొదటి మాట అదే, నాలుగుసార్లూ జారిపోయిన మాటా అదే.

మీరొచ్చి చూస్తామంటే సంతోషం. తుడుం కొట్టి, డోలు వాయించి పిలుచుకుంటాం. ఒక్క మనవి. వచ్చేది మూడు రోజుల ముందు చెప్పించండి. తాళంచెవి కోసం కాగితం పెట్టుకోవాలి.

ఇట్లు,
ఆ భవనం మాదేనని శిలాఫలకం మీద చదువుకుంటున్న గూడేల పటేళ్లు, మహిళా సంఘాలు, యువకులు