వార్షిక నివేదిక 2024–25: కాలనీలో చదువు, మాట

గౌరవ సభ్యులకు నమస్కారం.

మంచినీటి ట్యాంకు మరమ్మతు, సీసీ కెమెరాలు, వినాయక చవితి జమాఖర్చుల వివరాలు జతచేసిన పద్దుల్లో ఉన్నాయి. వాటి గురించి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. పోయినేడు సర్వసభ్య సమావేశంలో మీరంతా పట్టుబట్టిన అంశం ఇంకొకటుంది. కాలనీలో పుస్తకం పట్టేవాళ్లు కనబడడం లేదు, పిల్లలకు నాలుగు తెలుగు మాటలు వరసగా రావడం లేదు, ఏదైనా చేయండి అన్నారు. ఈ నివేదిక చాలావరకు దాని గురించే.

ముందుగా కమ్యూనిటీ హాల్లో పుస్తకాల అలమర పెట్టాం. అటక మీద ఉన్న పుస్తకాలు ఇమ్మని అడిగితే కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. తీరా చూస్తే సగానికి పైగా పాత ఎంసెట్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్. వాటిని పాత పేపర్లతనికి వేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కథల పుస్తకాలు, నవలలు కొన్నాం. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పిల్లల్ని తీసుకెళ్లాం. లోపల అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. పెద్దవాళ్లూ సంచులు నింపుకొనే వచ్చారు. సంక్రాంతి పోయాక ఒకాయనను ఎంతవరకు చదివారని అడిగితే, ఇంకా కవరు విప్పలేదండీ అన్నారు. మన అలమర రిజిస్టరు కూడా అంతే. మొదటి నెల హడావుడి తగ్గాక అవే నాలుగు పేర్లు తిరుగుతున్నాయి.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పెందలాడే వెళ్లాలి. అక్కడ కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలే. ఇరుకు అద్దె గదుల్లో ఉండేవాళ్లకు ఆ హాలే దిక్కు, వాళ్లను తప్పు పట్టలేం. పరీక్ష అయిపోతే చదువూ అయిపోయినట్టే అన్న లెక్క మాత్రం మన ఇళ్లలోనే మొదలైంది. 2018లో చట్టం వచ్చాక రాష్ట్రంలో ఏ మీడియం బడిలోనైనా తెలుగు తప్పనిసరిగా చెప్పాలి. మార్కులు వస్తున్నాయి, మాట రావడం లేదు. సర్కారు కొలువంతా ఉర్దూలో నడిచిన నిజాం కాలంలో, 1901లో, ఇదే ఊళ్లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలుపెట్టుకున్నారు. సుల్తాన్ బజారులో ఉన్న ఆ గ్రంథాలయానికి కార్యవర్గ సభ్యులం కొందరం వెళ్లొచ్చాం. వీలైతే మీరూ పిల్లలతో ఒకసారి వెళ్లండి.

వేసవిలో పెట్టిన తెలుగు క్లాసు నిలబడలేదు. రోజుకు పది పదాలని జిరాక్సు కాగితాలు పంచాం. పిల్లలు దాన్ని ఇంకో ట్యూషన్ అనుకున్నారు, వాళ్ల లెక్కన అది నిజమే.

ఊహించని చోట పని జరిగింది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి హాల్లో కుప్ప పోశాం. పిల్లలు వాటిని ఎల్లో ఫ్లవర్, వైట్ ఫ్లవర్ అనే పిలుస్తున్నారు. చేసే ప్రతి పనికీ వాళ్ల దగ్గర రెండే మాటలు: కట్ చెయ్, సెట్ చెయ్. బీ బ్లాకు అమ్మమ్మ ఒకరు తాంబాళం ముందు కూర్చుని, “గింత పొట్టిగ తుంచితె నిలవడదు బిడ్డా, కాడ ఉంచి కొయ్యి” అని ఒక పిల్లకు చూపించారు. గునుగు పూలకు కట్ట కట్టాలి, కొసలు సమంగా కత్తిరించాలి, రంగులో ముంచి ఆరబెట్టాలి, తంగేడు మీద వరసగా పేర్చాలి. చెయ్యి ఆడుతుంటే మాట దానంతటదే ఎక్కుతోంది. మధ్యాహ్నానికి ఆ పిల్లే తన చెల్లెలిని, “కాడ ఉంచి కొయ్యవే, నిలవడదు” అని కసురుకుంటోంది. జిరాక్సు కాగితాలతో మావల్ల కానిది ఆ ఒక్క పూటలో అయింది.

అది చూశాకే క్లాసు మానేసి శనివారం సాయంత్రం కథ చదివి వినిపించడం మొదలుపెట్టాం. చదివేది మన కాలనీలోనే ఉండే రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు గారు. ఆయన గొంతుకు మైకు అవసరం లేదు. కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసేసి, “మిగతాది వచ్చే స్టాపులో” అంటారు. వారం ఆగలేని పిల్లలు పుస్తకం ఇంటికి పట్టుకుపోతున్నారు. చదవడం సరిగా రానివాళ్లు తాతలనో నాయనమ్మలనో కూర్చోబెట్టి చదివించుకుంటున్నారట. పెద్దలు పుస్తకం తెరవడానికి ఇదొక దారి అయింది.

సంఘం నోటీసులు, వాట్సాప్ సందేశాలు దసరా నుంచి తెలుగులో పెడుతున్నాం. తెలుగు చదవని కుటుంబాలూ ఉన్నాయి కాబట్టి కింద ఇంగ్లీషు కూడా ఉంటుంది. లిఫ్టు, మోటారు లాంటి మాటలకు అచ్చ తెలుగు పేర్లు పెట్టాలని ఒక సభ్యుడు ప్రతిపాదించారు. కరెంటు పోయి అందులో ఇరుక్కున్నవాడు ఏమని అరవాలో తేలక ఆ ప్రతిపాదన వీగిపోయింది.

వచ్చే ఏడాదికి రెండు పనులు అనుకుంటున్నాం. కండక్టరు గారికి తోడుగా చదివేందుకు మరో ఇద్దరు కావాలి. యాస ఏదైనా ఫర్వాలేదు, గట్టిగా చదివితే చాలు. రెండోది, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమందరం కడుతున్నాం. మన ప్రాంతానికి ఒక శాఖా గ్రంథాలయం ఇవ్వాలని కోరుతూ సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడతాం. సంతకాల కాగితం వాచ్‌మన్ గదిలో ఉంది. సంతకంతో పాటు పన్ను రసీదు జిరాక్సు కూడా ఇచ్చి వెళ్లండి.

— కార్యదర్శి