నీళ్లు తగ్గినా ఫ్యాన్ ఆగలేదు: మీ లెవల్ కంట్రోలర్ మీద ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా పాత బాయిలర్‌కు మీవాళ్లు బిగించిన నీటి మట్టం సెన్సర్ల గురించి.

అయ్యా,

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ చూస్తాను. మాది 1996లో బిగించిన కట్టెల బాయిలర్. దానికి రెండు ఫ్లోట్ స్విచ్‌లు ఉండేవి. నీళ్లు తగ్గితే లోపలి బంతి దిగుతుంది, దాని కడ్డీకున్న అయస్కాంతం బయటి స్విచ్‌ను కదిలిస్తుంది, కాంటాక్టు విడిపోతుంది. ఒకటి బాయిలర్‌లోకి నీళ్లు పంపే పంపునీ సైరన్‌నీ చూసుకునేది, రెండోది మంటకు గాలి అందించే ఫ్యాన్‌ను ఆపేది. ఆ స్విచ్‌లు పనిచేయడానికి విడిగా పవర్ సప్లై అక్కర్లేదు. ఒక బంతికి చిల్లు పడింది, ఆ స్పేర్ ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. అందుకే ఏప్రిల్‌లో మీ దగ్గరికి వచ్చాం.

మీ టెక్నీషియన్ రెండు స్విచ్‌లూ తీసేసి, ప్రోబులు (నీళ్లు తగిలాయో లేదో కరెంటుతో పసిగట్టే కడ్డీలు) దించి, అన్నిటినీ ఒకే కంట్రోలర్ పెట్టెకు కలిపారు. మా ప్యానెల్ 110 వోల్టుల ఏసీ, మీ పెట్టె 24 వోల్టుల డీసీ. మధ్యలో చిన్న పవర్ సప్లై పెట్టి, "పాతదానికి సేమ్ టు సేమ్ సార్" అని చెప్పి సంతకం పెట్టించుకుని వెళ్లారు.

జూన్ రెండో వారంలో ఒక రాత్రి, రెండున్నర ప్రాంతంలో ఆ పవర్ సప్లై కాలిపోయింది. పంపు ఆన్ కాలేదు. సైరన్ మోగలేదు. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. కారణం తర్వాత పెట్టె విప్పితే తెలిసింది: లోపలి రిలే (కరెంటు అందితే కదిలే స్విచ్) నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే ఎత్తుకునేలా, అంటే ఆన్ అయ్యేలా, జంపర్ (రిలే ఎలా పనిచేయాలో ఎంచుకునే చిన్న క్లిప్పు) పెట్టి ఉంది. సప్లై లేని రిలే ఎలా ఎత్తుకుంటుంది? నిజానికి ఉండాల్సింది దీనికి తలకిందులు. నీళ్లున్నంతసేపూ రిలే ఎత్తుకుని ఉండాలి. నీళ్లు తగ్గినా, వైరు తెగినా, సప్లై పోయినా అది పడిపోవాలి, దాంతో ఫ్యాన్ ఆగాలి. మా పాత స్విచ్‌లో కాంటాక్టు విడిపోతే ఫ్యాన్ ఆగేదంటే అర్థం అదే.

ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది మా ఆపరేటర్ అలవాటు. అరగంటకోసారి గేజ్ గ్లాస్ (బాయిలర్‌లో నీటి మట్టం కనబడే గాజు గొట్టం) చూస్తాడు. గ్లాసులో నీళ్లు కనబడలేదు. గాజు అడుగున ఉన్న చిన్న కుళాయి తెరిచి చూశాడు, ఆవిరే వచ్చింది. పంపు జోలికి పోకుండా, ఫ్యాన్ ఆపేసి, మండుతున్న కట్టెలు బయటికి లాగేశాడు. కాలిన ట్యూబుల మీద చల్లనీళ్లు పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. నూనె బాయిలర్‌లో బర్నర్ ఆగితే మంట ఆగినట్టే. కట్టెల బాయిలర్‌లో ఫ్యాన్ ఆపినా మంట వెంటనే చావదు. ఇక్కడ ఒక్కో నిమిషమూ లెక్కే. అతని వయసు యాభై ఆరు. ఆ రోజు నుంచి రాత్రి డ్యూటీకి వస్తుంటే వాళ్ల ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు.

ట్యూబులు పరీక్ష చేయించి మళ్లీ నిప్పు పెట్టేసరికి 31 గంటలు. సీజన్ నడిమధ్యలో గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు వరుసగా నిలబడిపోయాయి. కాయలు మెత్తబడిపోతుంటే రైతులకు నేనేం చెప్పను?

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "జంపర్ సంగతి మాన్యువల్‌లో ఉంది, మీరు చూసుకోవాల్సింది" అన్నారు. బిగించింది మీరు. జంపర్ మేమే మార్చి, సప్లై వైరు పీకి చూశాం: ఫ్యాన్ ఆగింది, సైరన్ మోగింది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మీ టెక్నీషియన్ ఏప్రిల్‌లోనే పెట్టి ఉండాల్సింది. మా బోరు నీళ్లు కఠినమైనవి, ప్రోబును బాయిలర్ లోహానికి తగలకుండా ఆపే ఇన్సులేటర్ మీద సున్నం, మడ్డి పేరుకుంటే నీళ్లు లేకున్నా ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. దాని గురించి కూడా ఎవరూ చెప్పలేదు.

పాతరోజుల్లోలాగే ఫ్యాన్ ఆపే ప్రోబుకు వేరే కంట్రోలరూ, వేరే సప్లైయూ మీ ఖర్చుతో బిగించండి. మా ఎదుట సప్లై పీకి, వైరు పీకి, నీళ్లు దించి పరీక్షించి, ఫలితం రాసి సంతకం పెట్టండి. 31 గంటల నష్టం లెక్క జతచేశాను, దానికి జవాబు కావాలి. అంతకంటే ముందు, పాత ఫ్లోట్ స్విచ్ తీసేసి ఇదే పెట్టె బిగించిన ఫ్యాక్టరీలన్నిటికీ ఈ వారంలోనే ఫోన్ చేసి, జంపర్ ఎటు ఉందో చూడమని చెప్పండి. అక్కడ రాత్రి డ్యూటీలో గేజ్ గ్లాస్ చూసే మనిషి ఉన్నాడో లేడో మీకు తెలియదు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మెయింటెనెన్స్ ఇన్‌చార్జి,
చిత్తూరు జిల్లా